అమృతమ్మకు ఐదు చుక్కలు

ఇంద్రమ్మ తన జీవితంలో మొదటిసారి ఒక కుట్ర పన్నింది. అదీ కన్నబిడ్డ మీద. అదీ కుక్కర్ రెండో విజిల్‌కూ మూడో విజిల్‌కూ మధ్య, వంటింటి తలుపు వెనక నిలబడి.

తలుపు వెనక ఎందుకంటే, కుక్కర్ ఏదో ఒక రోజు పేలుతుందని ఆమె నమ్మకం. ఇరవై నాలుగేళ్లుగా పేలలేదు. ఇన్నేళ్లు పేలలేదంటే పేలే రోజు దగ్గరపడుతున్నట్టేనని ఆమె లెక్క.

ఇంద్రమ్మ భయాలకు సిరిసిల్లలో వాళ్ల గల్లీ మొత్తం మీద మంచి పేరుంది. ఫ్యాను కింద కూర్చోదు, ఊడిపడుతుందని. ఫ్యాను లేని చోటా కూర్చోదు, ఉక్కపోతకు గుండె ఆగుతుందని. బస్సెక్కితే కిటికీలోంచి చెట్లూ చేమలూ చూడదు, డ్రైవర్ ఎన్నిసార్లు ఆవులించాడో చూస్తుంది. ఎప్పుడైనా ఏదైనా చిన్న కీడు నిజంగానే జరిగిందా, ఆమె ముఖం వెలిగిపోతుంది.

"అనుకుంటనే ఉన్న" అంటుంది.

పాలు విరిగినా అదే మాట. కరెంటు పోయినా అదే మాట. పెళ్లి పీటల మీద తాళి ముడి ఒకసారి జారితే, తల వంచుకునే ఆ మాట అన్నదని ఆమె భర్త ఎల్లేశం ఇప్పటికీ అందరికీ చెప్తుంటాడు.

ఎల్లేశం ముప్పై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాడు. ఆ చప్పుడుకు చెవులు కాస్త మందగించాయి. ఎప్పుడెంత మందగించాలో ఆ చెవులకు బాగా తెలుసు.

ఇక బిడ్డ అలేఖ్య. డిగ్రీ అయిపోయింది. మేడ మీద గదిలో తలుపేసుకొని బ్యాంకు పరీక్షకు చదువుతోందని ఇంట్లో అందరి అభిప్రాయం. ఇంద్రమ్మ అభిప్రాయం మాత్రం, అంతసేపు తలుపేసుకుంటే గాలాడదని. అందుకే ఆ రోజు చాయ్ తీసుకొని, తలుపు కొట్టకుండా లోపలికి వెళ్లింది.

బిడ్డ ముందున్న ట్యాబులో ఒక పాడుబడ్డ మగ్గాల షెడ్డు ఉంది. షెడ్డులో ఒక ఆకారం బట్ట నేస్తోంది. దారం బదులు తన జుట్టే నేస్తోంది.

చాయ్ నేల మీద పడింది. కప్పు తర్వాత పడింది.

"ఏందిది బిడ్డా?"

"కామిక్ అమ్మా. బొమ్మల కథ. నేనే గీస్తున్న. దయ్యాల డిటెక్టివ్ కథ."

"బ్యాంకు పరీక్షల దయ్యాల మీద అడుగుతున్నరా?"

అప్పుడు బయటపడింది సంగతంతా. ఫోన్‌లో 'బొమ్మల పెట్టె' అని ఒక యాప్ ఉంది. అందులో అలేఖ్య ప్రతి గురువారం ఒక భాగం పెడుతోంది. కథ పేరు 'అనుమానాల అమృతమ్మ'. ఊరూరా దయ్యాల కేసులు పట్టే ఒక ఆడమనిషి. చదివినవాళ్లు కింద మార్కులు వేస్తారు, మాట రాస్తారు. ఈ నెలాఖరుకు ఎక్కువమంది మెచ్చిన కథను కంపెనీ పుస్తకంగా అచ్చు వేస్తుంది, గీసినవాళ్లతో రెండేళ్లకు ఒప్పందం చేసుకుంటుంది.

"గీ ఒక్కసారి చూస్త అమ్మా. గెలువకుంటే బ్యాంకు పరీక్షే రాస్త. ఒట్టు" అంది అలేఖ్య. ఆ ఒట్టు ఇంద్రమ్మకు వినపడలేదు. ఆమె అప్పటికే 'ఒప్పందం' దగ్గర ఆగిపోయింది.

కుక్కర్ మూడో విజిల్ వేశాక ఆమె నేరుగా భర్త దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, బిడ్డ హైదరాబాద్ పోతది."

"ఎవలన్నరు?"

"ఎవలనాలె? ఒప్పందమంటే ఆఫీసు. ఆఫీసంటే హైదరాబాద్. హైదరాబాదంటే లిఫ్టు. లిఫ్టు నడిమిట్ల ఆగితే?"

"మల్ల నడుస్తది."

"ఆగినంక కరెంటు పోతే?"

"కరెంటు పోతేనే గదనే ఆగేది."

"సూసినవా. నువ్వే ఒప్పుకుంటున్నవ్."

ఎల్లేశం చెవులు మందగించే లోపే ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది. "గా యాప్ నా ఫోన్ల ఎక్కియ్యి. ఆ కథ ఓడిపోవాలె. బిడ్డ మన కళ్ల ముంగటుండాలె. గంతే."

ఎల్లేశం యాప్ ఎక్కించాడు. పేరేమి పెట్టమంటావని అడిగాడు. సొంత పేరు పెడితే బిడ్డకు తెలిసిపోతుంది. ఇంద్రమ్మ బాగా ఆలోచించి 'శ్రేయోభిలాషి' అని పెట్టమంది. పెళ్లిసంబంధాలు చెడగొట్టే ఆకాశరామన్న ఉత్తరాల కింద ఆ పేరు ఉండడం ఆమె చిన్నప్పుడు చూసింది.

మొదటి భాగం చివర వరుసగా ఐదు ఖాళీ చుక్కలున్నాయి, నక్షత్రాల్లాగా. అవి చూడగానే ఇంద్రమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఆ పని ఆమెకు కొట్టిన పిండి.

పెళ్లికి ముందు ఆమె బట్ట చెకింగ్ చేసేది. మగ్గం దిగిన తానును ఏటవాలు బల్ల మీద జరుపుతూ, తెగిన పోగు కనపడితే ఎర్ర పెన్సిల్‌తో ఒక చుక్క, నూనె మరక కనపడితే ఒక చుక్క, సరిగ్గా ఇలాంటి నక్షత్రం గుర్తే పెట్టేది. ఒక్క చుక్క ఉంటే ఒకటో నంబరు సరుకు. ఐదు చుక్కలు పడ్డాయంటే ఆ తాను మూలకే. ఎల్లేశం నేసిన మొదటి తానుకు ఐదు చుక్కలు పెట్టిన పిల్ల ఆమే. ఎవతిరా అది అని కోపంగా చూడడానికి వచ్చాడు. చూశాడు. ఆ తర్వాత మూణ్ణెల్లు అతను నేసిన ప్రతి తానులోనూ ఐదు తప్పులుండేవి.

"ఎన్ని పెడుతవ్?" అని అడిగాడు ఇప్పుడు.

"ఐదు."

ఎల్లేశానికి చాయ్ గొంతులో అడ్డం పడింది. దగ్గాడు. భార్య ముఖం చూశాడు. మేడ మీది గది వైపు చూశాడు. "ఐదు ఎక్కువైతయేమో?"

"తిరిగి లేవొద్దు ఆ కథ. ఐదే."

"నీ ఇష్టం" అన్నాడు ఎల్లేశం. కుట్రలో అతని పాత్ర ఆ రెండు మాటలే.

ఇక మాట రాయడం. ఏడో తరగతి చదువు చదవడానికి సరిపోతుంది గానీ ఫోన్‌లో రాయడానికి ఇంద్రమ్మ వేలు ఒక అక్షరం మీద పడాల్సింది మూడక్షరాల మీద పడుతుంది. అందుకని ఎల్లేశం మైకు బొమ్మ చూపించాడు. అది నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. అయితే అది అన్నీ రాసుకుంటుందని అతను చెప్పలేదు.

మొదటి రోజు శ్రేయోభిలాషి అభిప్రాయం ఇలా వచ్చింది: "ఈ కథ చదివి నాకు గుండెదడ పట్టుకున్నది రెండు రోజులకెల్లి అన్నం పోతలేదు ఏమయ్యా జర టీవీ తగ్గియ్యి కామెంటు పెడుతున్న బాత్రూంకు ఒక్కదాన్నే పోతలేను ఇసొంటియి గీసెటోళ్లకు ఇంట్ల తల్లి లేదా ఉంటే ఎట్ల ఊకున్నది నీకెన్నిసార్లు చెప్పిన ఆ ఫ్యాను కింద కూసోకు ఊడి మీద పడుతది."

ఐదు చుక్కలు.

సాయంత్రానికి దాని కింద రెండు వందల ఎర్ర గుండెలు మొలిచాయి. నవీన్ అనే అబ్బాయి రాశాడు: "అన్నం పోతలేదంటే కథ మామూలుగ లేదు. ఇయ్యాలనే మొదలుపెడుత." ఇంకొకరు రాశారు: "ఇంతకంటె మంచి అభిప్రాయం దయ్యాల కథకు రాదు."

"సూడు" అంది ఇంద్రమ్మ భర్తకు ఫోన్ చూపిస్తూ, "ఎంతమంది నా దిక్కున్నరో."

"మస్తుమంది ఉన్నరు. ఇంకొంచెం గట్టిగ తిట్టు" అన్నాడు ఎల్లేశం.

రెండో వారం గట్టిగానే తిట్టింది. "బావిల దయ్యమట. ఇప్పుడు బావికాడికి ఎవలు పోతున్నరు, ఇంటింటికి నల్లా ఉన్నది. గీసెటోళ్లకు తెలివి లేదు. దయ్యముంటే వాషింగ్ మిషిన్ల ఉంటది. బట్టలేసి మూత పెట్టంగనే లోపలికెల్లి మెల్లగ తడుతది. గది భయం."

తర్వాతి గురువారం వచ్చిన భాగం పేరు 'మూత'.

మొదటి బొమ్మలో ఒక వాషింగ్ మిషన్. రెండో బొమ్మలో అది తిరగడం ఆగిపోయింది. మూడో బొమ్మలో, లోపలినుంచి, టక్... టక్... టక్.

ఇంద్రమ్మ ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. కాసేపటికి మూత పెట్టిన ఏ వస్తువునైనా నమ్మకూడదని తోచి, మూత తీసి దూరంగా నిలబడింది.

ఆ వారం ఇంట్లో వాషింగ్ మిషన్ నడవలేదు. బట్టలు గుట్టపడ్డాయి. ఎల్లేశం లుంగీ మీదనే షెడ్డుకు పోయాడు. నాలుగో రోజు ఇక లాభం లేదని, అతన్ని మిషన్ పక్కన నిలబెట్టి, బట్టలు ఉతికినంతసేపూ మూత మీద చెయ్యి వేసి ఉంచమంది.

"లోపల ఎవలన్న తడితే ఏం జెయ్యాలె?" అని అడిగాడతను.

"ఎవలని అడుగు."

"పేరు చెప్తే?"

"తెలిసినోళ్లయితే నన్ను పిలువు."

ఇంత భయంలోనూ ఆమె చదవడం మానలేదు. తప్పులు పట్టాలంటే చదవాలి కదా. చదివిన కొద్దీ ఆ అమృతమ్మ మీద ఒళ్లు మండింది. ఆ మనిషి చలికాలంలో కూడా గొడుగు పట్టుకు తిరుగుతుంది. సంచిలో ఒక టార్చి, అది పాడైతే ఇంకో టార్చి, ఉప్పు, నిమ్మకాయలు, గుప్పెడు పిన్నీసులు. దయ్యం జుట్టు విరబోసుకొని ముందుకొచ్చి నిలబడితే, పీట మీద కూర్చున్న అమృతమ్మ తల ఎత్తి "అనుకుంటనే ఉన్న" అంటుంది. దాంతో దయ్యం మనసు చిన్నబుచ్చుకుంటుంది. సగం కేసులు అక్కడికక్కడే తేలిపోతాయి.

"ఏం ఆడిది గిది?" అంది ఇంద్రమ్మ. "పొద్దుకు కీడు తప్ప ఇంకో ఆలోచన లేదు. దీంతోని మొగడు ఎట్ల ఏగుతున్నడో."

"పాపం, ఏగుతున్నడు" అన్నాడు ఎల్లేశం మూత మీద చెయ్యి తీయకుండా.

ఒక్కదాని ఐదు చుక్కలు సరిపోవడం లేదని ఇంద్రమ్మకు అనుమానం వచ్చింది. ఎందుకంటే చదివేవాళ్లు రోజురోజుకూ పెరుగుతున్నారు. కోరుట్లలో ఉన్న అక్క పోశవ్వకు ఫోన్ చేసింది. పోశవ్వ బీడీలు చేస్తుంది. ఆమె అరుగు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవైమంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే.

"అక్కా, నీ దోస్తులందరితోని ఐదైదు చుక్కలు పెట్టియ్యాలె. కథ మునగాలె."

"కథ ఎట్లున్నదో సదువకుంట ఎట్ల పెడుతమే? పాపం తాకదా?" అంది పోశవ్వ.

చదివారు. ఒకామె పైకి చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. జుట్టుతో బట్ట నేసే చోట ఇరవైమందీ ఒక్కసారే చాటలు వదిలేసి లేచారు. తంబాకు గాలికి పోయింది. మర్నాడు పక్క అరుగు వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ పైవారం మెట్‌పల్లి దాకా పాకింది. మూడు వందలమంది బీడీల ఆడవాళ్లు, ప్రతి గురువారం, తలా ఐదు చుక్కలు. "మా అరుగు మీద ఒకామెకు జరమచ్చింది" అని పోశవ్వ రాయించిన మాటకు ఎర్ర గుండెలు ఐదు వందలు దాటాయి.

ఇంట్లో అలేఖ్య అన్నం తింటూ తింటూ తనలో తాను నవ్వుకునేది. ఇంద్రమ్మకు జాలేసేది. 'పిచ్చిపిల్ల, మునుగుతున్నదని తెలుస్తలేదు' అనుకొని ఇంకో ముద్ద నెయ్యి వేసేది.

సరిగ్గా అప్పుడే 'విమర్శకేసరి' అనే ఆయన దిగాడు. మూడే చుక్కలు పెట్టి, పెద్ద వ్యాసం రాశాడు. బొమ్మల్లో నలుపు ఎక్కువైందన్నాడు. దయ్యాలు సహజంగా ఉన్నాయన్నాడు. చివరికి ఇలా తేల్చాడు: "అయితే అమృతమ్మ పాత్ర మాత్రం బొత్తిగా అసహజం. ఇంత పిరికి మనిషి లోకంలో ఉండదు. ఉన్నా డిటెక్టివ్ పనికి పనికిరాదు."

ఇంద్రమ్మ లెక్కలో మూడు చుక్కలంటే ఆయన బిడ్డను కొంత మెచ్చినట్టే. అందుకు కోపం రావాలి. కానీ కోపం అక్కడ రాలేదు, ఆ చివరి వాక్యం దగ్గర వచ్చింది. ఒళ్లంతా వచ్చింది. మైకు నొక్కింది.

"మీరెవలో గాని మీకు లోకం తెల్వదు సారూ. భయమున్నోళ్లే అన్ని చూస్తరు. ధైర్యమున్నోళ్లు ఏం చూస్తరు, చేతులూపుకుంట నడుస్తరు. చెప్పు తెగుతదని భయమున్న మనిషి దగ్గరనే పిన్నీసు ఉంటది. తెగినంక ధైర్యమున్నోళ్లు గూడ ఆమె దగ్గరికే అస్తరు. అమృతమ్మను ఒక్క మాటనొద్దు."

ఎల్లేశం టీవీ పూర్తిగా ఆపేశాడు. "ఇంద్రా, నువ్వు ఎవల దిక్కు?"

"నేను కథ దిక్కు గాదు" అంది ఆమె చిరాగ్గా. "ఆ ఆడిది మాత్రం ఏం పాపం చేసింది?"

నెలాఖరు శుక్రవారం నాడు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"నమస్తే అమ్మా. శ్రేయోభిలాషి గారేనా? నేను జగిత్యాల నుంచి సాకేత్ రావును. బొమ్మల పెట్టె కంపెనీ. ఆదివారం మీరు జగిత్యాలకు రావాలె. తప్పకుండ రావాలె."

కుట్ర బయటపడిందనుకుంది ఇంద్రమ్మ. "అనుకుంటనే ఉన్న" అంది.

అటువైపు మనిషి ఎందుకో పెద్దగా నవ్వాడు. పోలీసులు కూడా ముందు నవ్వుతూనే మాట్లాడతారని ఆమె ఎక్కడో వింది.

ఆదివారం ఆమె సంచి సర్దింది. రెండు చీరలు, బీపీ గోళీలు, చిన్న సీసాలో చింతకాయ తొక్కు, ఒక టార్చి, ఇంకో టార్చి. జైల్లో అన్నం ఎలా ఉంటుందో తెలియదు కదా. అలేఖ్య 'మీటింగున్నది' అని పొద్దున్నే వెళ్లిపోయింది. ఎల్లేశం తెల్ల చొక్కా తొడుక్కున్నాడు.

"జైలుకు తెల్ల అంగి ఎందుకయ్యా?"

"జామీను ఇచ్చెటోడు మంచిగ కనపడాలె గదనే" అన్నాడు.

కోరుట్లలో పోశవ్వను ఎక్కించుకొని జగిత్యాల చేరేసరికి పదకొండైంది. సాకేత్ రావు చెప్పిన చోటు పోలీస్ స్టేషన్ కాదు, ఫంక్షన్ హాలు. నిండా పిల్లలు, వాళ్ల వెనక పెద్దవాళ్లు. వేదిక మీద అలేఖ్య కొత్త డ్రెస్సులో కూర్చుంది. ఆమె వెనక గోడంత అమృతమ్మ.

ఇంద్రమ్మ ఫోన్‌లో బొటనవేలంత చూసిన మనిషిని మొదటిసారి నిలువెత్తున చూసింది. సంచి జిప్పు తెగితే పిన్నీసు పెట్టి ఉంది. తన సంచి వైపు చూసుకుంది. జిప్పు తెగింది, పిన్నీసు ఉంది. అమృతమ్మ ఎడమ కనుబొమ పైన పుట్టుమచ్చ. ఇంద్రమ్మ చెయ్యి దానంతటదే తన ఎడమ కనుబొమ మీదికి వెళ్లింది.

"ఏమయ్యా. ఆమె నా లెక్క ఉన్నదేంది?"

ఎల్లేశం చెవులు పూర్తిగా మందగించాయి.

మైకులో సాకేత్ రావు మాట్లాడుతున్నాడు: "ఈ నెల గెలిచిన కథ మన అలేఖ్యది. నాలుగు పాయింట్ ఎనిమిది. ఇంకొక సంగతి. ఈ కథను ఇంతమందితోని చదివించిన ఉత్తమ పాఠకురాలు ఇక్కడనే ఉన్నరు. ప్రతి భాగానికి ఐదు పెట్టిన శ్రేయోభిలాషి గారు పైకి రావాలె."

ఇంద్రమ్మ పైకి వెళ్లింది. వెళ్లక తప్పలేదు, పోశవ్వ వెనకనుంచి నెట్టింది. శాలువా కప్పుతుంటే అరెస్టు చేస్తున్నట్టే నిలబడింది. మైకు చేతికిచ్చారు. ఎదురుగా ఇంతమంది. పక్కన బిడ్డ. ఇక దాచడం వల్ల కాలేదు.

"నేను తప్పు చేసిన" అంది. "ఈ కథ మునగాలెననే ఐదైదు పెట్టిన. దయ జూపకుంట పెట్టిన."

హాలు పగలబడి నవ్వింది.

"నిజంగనే చెప్తున్న. కోరుట్ల, మెట్‌పల్లి ఆడోళ్లతోని గూడ పెట్టిచ్చిన."

చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలోంచి తెల్ల జుట్టు పెద్దమనిషి ఒకాయన లేచాడు. "అమ్మా, నేను హనుమంత రావును. సాకేత్ తండ్రిని. విమర్శకేసరి అని రాసింది నేనే. ఇట్లాంటి మనిషి లోకంల ఉండదన్న. నా మాట వాపస్ తీసుకుంటున్న" అని చేతులు జోడించాడు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, హాలు మసకబారింది.

ఇంద్రమ్మ సంచిలోంచి టార్చి తీసి వెలిగించింది. అది వెలగలేదు. ఇంకోటి తీసింది. అది వెలిగింది.

"అనుకుంటనే ఉన్న" అంది.

హాలంతా లేచి నిలబడింది. ఇంద్రమ్మ ఆ చప్పట్ల మధ్య టార్చి వెలుగును మెల్లగా వెనక్కి తిప్పి, గోడ మీద అమృతమ్మ ముఖం మీద పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"మొదటిరోజే తెల్సింది అమ్మా నువ్వని" అంది అలేఖ్య ఆమె చెవిలో. "ఫ్యాను ఊడిపడుతదని ఈ రెండు జిల్లాలల్ల ఇంకెవ్వరంటరు? నువ్వు చెప్పిన భయాలే గీసిన. నువ్వు లేకుంటే కథనే లేదు."

కరెంటు వచ్చాక ఇంద్రమ్మ సాకేత్ రావును పక్కకు పిలిచి, హైదరాబాదులో ఆఫీసు ఎన్నో అంతస్తు అని అడిగింది.

"హైదరాబాద్ ఎక్కడిదమ్మా? మా ఇంటి మేడ మీద రెండు గదులే ఆఫీసు. అలేఖ్య సిరిసిల్లల ఇంటికాడ్నే గీసి పంపుతది. ఎప్పుడన్న ఒకసారి అస్తే చాలు."

"లిఫ్టు?"

"మెట్లే."

"పట్టుకునెటందుకు కమ్మీ ఉన్నదా?"

"ఏపిస్తనమ్మా."

నెల రోజుల యుద్ధం, మూడు వందలమంది సైన్యం, వాషింగ్ మిషన్‌కు కాపలా. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇవేవీ అక్కర్లేకపోయేవి. ఇంద్రమ్మ బస్సులో ఆ మాట ఎవరితోనూ అనలేదు. డ్రైవర్ ఆవులింతలు కూడా లెక్కపెట్టలేదు. సంచి మీది పిన్నీసును తడుముతూ కూర్చుంది.

సోమవారం పొద్దున్నే, గుండె నిండా ప్రేమతో, పోశవ్వకు ఫోన్ చేసింది.

"అక్కా, అందరికి చెప్పు. పెట్టిన ఐదు తీసెయ్యాలె. ఒక్కటే పెట్టాలె. అన్ని భాగాలకు."

"ఆ ఒక్కటి గూడ ఎందుకే? అసలుకే పెట్టకుంటే?"

"మచ్చలేకుంటే దిష్టి తాకుతదక్కా. ఒక్కటుండాలె. ఒకటో నంబరు సరుకు."

బీడీల ఆడవాళ్లు మాట మీద నిలబడే మనుషులు. మధ్యాహ్నానికి మూడు వందలమందీ పని ముగించారు.

అలేఖ్య ఫోన్ పట్టుకొని మెట్లు దూకుతూ వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయింది. "బాపూ, నాలుగు పాయింట్ ఎనిమిదున్నది మూడు పాయింట్ ఏడుకు పడ్డది. సాయంత్రం పుస్తకం అట్ట అచ్చుకు పోతున్నదట, రేటింగు దాని మీదనే ఏస్తరట. ఎవలో కక్షగట్టి అన్నిటికి ఒకటే పెట్టిండ్రు. అందరు కోరుట్ల దిక్కోళ్లే. గింత చెడ్డగున్నదా నా కథ?" పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంద్రమ్మ నివ్వెరపోయింది. "చెడ్డదెట్లయితది? ఒకటంటే మంచిదేనాయె. నేనే పెట్టిచ్చిన."

"ఒకటి మంచిదా?"

"కాదా? మరి ఐదు?"

తల్లీ బిడ్డా ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి ఎల్లేశాన్ని చూశారు. అతను చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"ఏమయ్యా" అంది ఇంద్రమ్మ మెల్లగా. "నేను ఐదంటే నీకు చాయ్ ఎందుకు అడ్డంబడ్డది?"

"ఏందీ? వినపడుతలేదు."

"మంచిగనే వినపడుతున్నది."

ఎల్లేశం కూలబడ్డాడు. యాప్‌లో ఐదంటే మెప్పు, ఒకటంటే తిట్టు అని ఒప్పుకున్నాడు. మొదటిరోజునుంచీ తెలుసనీ ఒప్పుకున్నాడు. "చెప్తే నువ్వు ఒకటి పెడుతవు. బిడ్డ ఏడుస్తది. చెప్పకుంటే ఐదు పెడుతవు, బిడ్డ నవ్వుతది. నేనేం జెయ్యాలె?"

అలేఖ్య తల్లి వైపు తిరిగింది. "అంటే అమ్మా, నువ్వు నిన్న జగిత్యాలల చెప్పింది నిజమేనా? నన్ను ముంచుదామనే చూసినవా?"

"ముంచుదామని గాదు బిడ్డా" అంది ఇంద్రమ్మ నేల చూపులు చూస్తూ. "ఒడ్డు మీదనే ఉంచుదామని."

అలేఖ్య ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ కలిపి చేసింది. ఇంద్రమ్మ ముక్కు చీది, ఫోన్ అందుకొని, అక్కకు కలిపింది.

"అక్కా, మల్ల ఐదు పెట్టాలెనే."

"ఐదంటివి, ఒకటంటివి, మల్ల ఐదంటవు" అరిచింది పోశవ్వ. "ఇక్కడ ఒక్క కట్ట బీడీలు కాలేదు పొద్దుగాలకెల్లి. ఒక్క షరతు మీద పెడుతం. అచ్చే గురువారం ఏమైతదో ఇప్పుడే చెప్పు. పోయిన భాగంల చివరికి చూపెట్టిన ఆ గీజర్ల ఎవలున్నరు?"

ఇంద్రమ్మ బిడ్డ వైపు చూసింది. బిడ్డ తల్లి చెవిలో చెప్పింది. తల్లి ముఖంలో రంగులు మారాయి. ఆ రోజునుంచి వేడినీళ్లు పొయ్యి మీదే కాగాలని నిశ్చయించుకొని, పోశవ్వకు చెప్పింది. అవతల ఇరవై చాటలు కింద పడ్డ చప్పుడు ఇవతలికి వినపడింది.

సాయంత్రం ఐదింటికి అట్ట అచ్చుకు పోయింది, నాలుగు పాయింట్ ఎనిమిదితో.

ఎల్లేశం ఇక గండం గడిచిందనుకొని మెల్లగా కుర్చీలో వాలాడు. ఫ్యాను కిందే. ఇంద్రమ్మ అటక మీది పాత డబ్బా దించి, అడుగున వెతికి, అరిగిపోయిన ఎర్ర పెన్సిల్ ఒకటి పట్టుకొని వచ్చింది. అతని తెల్ల చొక్కా జేబు మీద, ఒకదాని పక్కన ఒకటి, నింపాదిగా ఐదు చుక్కలు పెట్టింది.

ఎల్లేశం తల వంచి చూసుకున్నాడు. "ఇంద్రా, గివి ఏ లెక్కల? యాప్ లెక్కనా, చెకింగ్ బల్ల లెక్కనా?"

ఆమె పెన్సిల్ కొప్పులో గుచ్చుకొని వంటింట్లోకి నడిచింది. "ముందుగాల ఆ కుర్చీ పక్కకు జరుపుకో" అంది లోపలినుంచి.